వాయుగుండము, తుఫాను, ఉప్పెన

కార్తికమాసము సమీపించునప్పటికి మేము చదువు వాతావరణ ప్రకటనలలో మూడు మాటలు తప్పక చోటు చేసికొనును: అల్పపీడనము, వాయుగుండము, తుఫాను. ఇవి ఏటేట వచ్చు చుట్టములవంటివి. నాల్గవ మాట ఒకటి కలదు. అది ఏటేట రాదు. వచ్చిననాడు మాత్రము చదువువారి గొంతు కొంచెము మారును. ఆ మాట ఉప్పెన.

తీరప్రాంతమునుండి ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి వ్రాసిన ఉత్తరము ఈ ప్రసంగమునకు కారణము. "నిన్న వాయుగుండమనిరి, నేడు తుఫాననిరి, రెండును ఒకటేనా? ఉప్పెన యనగా పెద్ద పోటే కదా?" అని అతడు అడిగినాడు. మొదటి ప్రశ్నకు నాలుగు మాటలలో బదులు చెప్పవచ్చును. రెండవదానికి మాత్రము రెండువందల ఏండ్ల వెనుకకు పోవలసియున్నది. ఏలయనగా, "పెద్ద పోటే కదా" అని తలచుటవలన మన తీరమున మునిగినవారు కలరు.

గాలికి బరువు కలదని 1643లో ఇటలీ దేశమున టారిసెల్లి పాదరసపు గొట్టముతో నిరూపించెను. సముద్రమట్టమున ఆ బరువు సుమారు 76 సెంటీమీటర్ల పాదరసమును నిలుపగలదు. వాతావరణ శాస్త్రజ్ఞులు దీనినే మిల్లీబారులలో 1,013 అని చెప్పుదురు. ఈ కొలతకు హెక్టోపాస్కల్ అను వేరొక పేరు వచ్చినది. పేరు మారినదే గాని అంకె మారలేదు. చుట్టుపట్లకంటె ఒకచోట పీడనము తగ్గినచో అది అల్పపీడనము. నలుదిక్కుల గాలి అచటికి బయలుదేరును గాని తిన్నగా చేరదు. భూమి తిరుగుచుండుటచేత మన ఉత్తరార్ధగోళమున గాలి కుడివైపునకు ఒరుగును. అందుచేత అది కేంద్రముచుట్టును, గడియారపు ముల్లు తిరుగు దిశకు ఎదురుగా, సుడి తిరుగును. ఆ గాలి గంటకు 31 కిలోమీటర్ల వేగమును అందుకొన్నచో వాయుగుండము. 51 అందుకొన్నచో తీవ్ర వాయుగుండము. 63 అయినచో తుఫాను. 89 అయినచో తీవ్ర తుఫాను. 118 అయినచో అతి తీవ్ర తుఫాను. ఆపైన ఇంకను రెండు మెట్లు కలవు. కడపటిది 221తో మొదలగును. ఇవేమి వింత అంకెలని విద్యార్థులు అనుకొందురు. వింత అంకెలలో లేదు, కొలతలో ఉన్నది. నావికులు వేగమును నాట్‌లలో లెక్కింతురు. ఒక నాట్ అనగా గంటకు 1.852 కిలోమీటర్లు. వారి 17, 28, 34, 48, 64 నాట్‌లను మనము కిలోమీటర్లలోనికి మార్చి చదువుచున్నాము, అంతే.

కావున వాయుగుండమును తుఫానును ఒకే వస్తువుయొక్క రెండు వయస్సులు. అయినను మాటగా చూచినచో వాయుగుండము అను పేరే మాకు ఇంపుగా తోచును. ఏటిలో నీరు తిరుగు చోటును మనము సుడిగుండ మందుము. అట్లే గాలి తిరుగు గుండము వాయుగుండము. తుఫాను అను మాటలో ఈ తిరుగుడు వినబడదు. అది పారసీక, అరబ్బీ భాషల త్రోవన మనకు వచ్చినది. అంతకుముందునుండి మన పల్లెలవారికి గాలివాన అను సొంత మాట ఉండనే ఉన్నది. పాలగుమ్మి పద్మరాజు గారి కథ ఆ పేరుతోనే 1952లో ప్రపంచ కథానికల పోటీలో బహుమతి నందినది. గాలి, వాన అను రెండింటిని ఆ మాట చక్కగా చెప్పును. మూడవది ఆ మాటలో లేదు.

ఆ మూడవదానికై మనము గోదావరి ముఖమున ఉన్న కోరంగికి పోవలెను. కాకినాడకు చేరువనున్న ఈ గ్రామము ఒకప్పుడు ఓడలు కట్టు రేవు. ఇచటినుండి మనవారు బర్మాకు వెళ్లిరి. అందుచే అచటివారు తెలుగువారినందరిని కోరంగీలనిరి. ఊరు ఎంత పెద్దదో ఆ పేరే చెప్పుచున్నది. 1789 డిసెంబరులో ఈ రేవుమీదికి ఒక గాలివానలో మూడు మహాతరంగములు ఒకదానివెంట ఒకటి వచ్చినవని నావికగ్రంథములు వ్రాసినవి. మొదటిది లంగరు వేసియున్న ఓడలను ఒడ్డునకు విసరినది. రెండవది ఊరిలోనికి వచ్చినది. మూడవది వచ్చినపిమ్మట చెప్పుటకు ఊరు మిగులలేదు. ఇరువదివేలమంది మరణించిరని ఆ గ్రంథములు చెప్పుచున్నవి. మిగిలినవారు మరల ఇండ్లు కట్టుకొనిరి, మరల ఓడలు కట్టిరి. 1839 నవంబరులో అదే చోటికి అదే ఆపద మరల వచ్చెను.

ఈ రెండవ విపత్తును కలకత్తాలో ఒకాయన కాగితములమీద పరిశీలించుచుండెను. ఆయన పేరు హెన్రీ పిడింగ్టన్. పూర్వము వర్తకపు ఓడలు నడిపినవాడు. పిమ్మట కలకత్తాలో ఓడప్రమాదములను విచారించు న్యాయస్థానమునకు అధ్యక్షుడు. తుఫానులో చిక్కి బయటపడిన ఓడల దినచర్య పుస్తకములను తెప్పించుకొని, ఏ గంటకు ఏ ఓడ ఎచట ఉన్నది, గాలి ఏ దిక్కునుండి వీచినది, భారమితిలో పాదరసము ఎంత దిగినది అని పటముమీద గుర్తులు పెట్టుట ఆయన పని. కోరంగి తుఫానును గూర్చిన ఆయన వ్యాసము బెంగాలు ఆసియాటిక్ సంఘపు పత్రికలో వెలువడినది. ఓడలన్నియు వేరువేరు గాలులను చూచినవి. ఒకదానికి ఉత్తరపు గాలి, ఒకదానికి తూర్పు గాలి, వేరొకదానికి పడమటి గాలి. వాని నన్నింటిని ఒకచోట చేర్చి చూడగా గాలి సుడిగా తిరుగుచున్నదని తేటపడెను. అమెరికాలో రెడ్‌ఫీల్డు, ఇంగ్లీషువారిలో రీడు అంతకుముందే ఈ సంగతి చెప్పియుండిరి. పిడింగ్టన్ దానిని మన బంగాళాఖాతమున నిలబెట్టి చూపెను. ఆ సుడికి ఒక పేరు కావలసివచ్చెను. పాము చుట్టచుట్టుకొన్న తీరును కూడ తెలుపు గ్రీకు మాటనుండి ఆయన 'సైక్లోన్' అను పేరు కల్పించెను. ఇప్పుడు లోకమంతయు వాడు మాట ఇది. దాని వెనుక మన కోరంగి కూడ ఉన్నదని మన పాఠ్యపుస్తకములు చెప్పకుండుట ఒక లోపమే.

1848లో ఆయన నావికుల కొరకు ఒక చేతిపుస్తకము వ్రాసెను. దానితోపాటు కొమ్ముతో చేసిన పారదర్శకమగు పలకలు ఉండెడివి. పలకమీద వలయములును, గాలి దిక్కు తెలుపు బాణములును గీయబడియుండును. ఓడ నాయకుడు దానిని పటముమీద పెట్టి, తనకు వీచుచున్న గాలికి సరిపడునట్లు జరిపినచో తుఫాను కేంద్రము ఎచటనున్నదో తెలిసిపోవును. విద్యార్థులు పలక లేకుండగనే ఈ పని చేయవచ్చును. గాలికి వీపు పెట్టి నిలువుడు. కేంద్రము మీ ఎడమచేతి వైపున ఉండును. ఈశాన్యపు గాలి వీచుచుండగా మీరు నైరృతికి ముఖము పెట్టి నిలిచినచో ఎడమచేయి ఆగ్నేయమునకు, అనగా సముద్రమువైపునకు చూపును. ఆ గాలి క్రమముగా తూర్పునకు, ఆగ్నేయమునకు తిరిగినచో కేంద్రము మీకు దక్షిణముగా పోవుచున్నది. వాయవ్యమునకు, పడమటికి తిరిగినచో ఉత్తరముగా పోవుచున్నది. ఈ రెండింటిలో మొదటిది చాల చెడ్డది. కారణము కొంచెము సేపటిలో చెప్పెదము.

పిడింగ్టన్ గాలిని మాత్రమే చూచి ఊరకుండలేదు. కోరంగి అతనికి నీటిని నేర్పినది. 1853లో కలకత్తాకు దిగువన మాట్లా నదిమీద క్రొత్త రేవు కట్టుటకు ప్రభుత్వము సంకల్పించగా, ఆ చోట తుఫాను కెరటము వచ్చి ఊరును ముంచునని ఆయన గవర్నరు జనరలు డల్హౌసీకి బహిరంగముగా లేఖ వ్రాసెను. లేఖ అచ్చయినది, రేవును కట్టబడినది. ఆయన 1858లో మరణించెను. 1867లో కెరటము వచ్చి ఆ కానింగు రేవును పాడుచేసెను.

అంతకు మూడేండ్ల ముందు, 1864లో, ఒకే శరదృతువున రెండు తుఫానులు వచ్చినవి. అక్టోబరు 5న కలకత్తా. నవంబరు 1 రాత్రి బందరు. బందరున నీరు మామూలు పోటు మట్టమునకు 13 అడుగులు పైకి వచ్చినది, కొన్నిచోట్ల 17 మైళ్ల దూరము లోపలికి పోయినది, సుమారు ముప్పదివేలమంది మరణించిరి. దీపావళి అమావాస్య వెళ్లి రెండు దినములు కాలేదు. మా విద్యార్థి ఈ సంగతి వినినచో "అదిగో, అమావాస్య పోటే కదా!" అనును. ఆ కాలపు పెద్దలలోను చాలమంది అటులే అనుకొనియుందురు. ఇంగ్లీషున సైతము దీనిని చిరకాలము 'టైడల్ వేవ్' అనిరి, అనగా పోటు కెరటమని. చదువుకొన్నవారి ఈ పేరు చదువులేనివారి ఊహకంటె మేలైనదేమియు కాదు.

కలకత్తా తుఫాను, ఆ తరువాత 1866లోను 1871లోను వానలు తప్పుట, ఇవన్నియు కలిసి 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడుటకు హేతువులైనవి. దాని మొదటి అధికారి బ్లాన్‌ఫర్డ్. రేవులలో ప్రమాద సూచికలు ఎగురవేయు పద్ధతియు క్రమముగా స్థిరపడినది. ఒకటవ నంబరు దూరమున ఎచటనో సముద్రము చెడినదని చెప్పును. పదవ నంబరు మహాప్రమాదము. పదునొకండవ నంబరు కూడ ఒకటి కలదు. హెచ్చరిక పంపు కేంద్రముతో సంబంధము తెగిపోయినదని దాని అర్థము. సూచికలలో మాకు ఎక్కువ భయము గొలుపునది అదియే.

ఇప్పుడు పోటునకును ఉప్పెనకును భేదము చెప్పవలెను. ఆటుపోట్లు చంద్రుడును సూర్యుడును సముద్రమును ఆకర్షించుటవలన కలుగును. అమావాస్య, పౌర్ణములకు వారిరువురి బలము ఒకే వరుసలో చేరును, పోటు పెరుగును. అష్టమి ప్రాంతమున వారు ఒండొరులకు అడ్డముగ లాగుదురు, పోటు తగ్గును. ఇది పంచాంగమున ముందుగనే గణింపదగిన వస్తువు. అల వేరు. గాలి నీటి పైపొరను కదల్చగా ఆ కదలిక ఒడ్డుకు సాగివచ్చును. నీరు చాలవరకు ఉన్నచోటనే లేచి దిగును. తెప్ప అలమీద ఎక్కి దిగుట చూచినవారికి ఇది తెలియును. ఉప్పెన ఈ రెండును కాదు. తుఫాను గాలి గంటలకొలది ఒకే వైపు త్రోయగా సముద్రపు నీరే కదలి వచ్చి ఒడ్డున పేరుకొనుట ఉప్పెన.

పీడనము తగ్గుటచేత నీరు పైకి పీల్చుకొనబడునని కొందరు చెప్పుదురు. అబద్ధము కాదు గాని అది చిన్న పాలు. పీడనము ఒక మిల్లీబారు తగ్గినచో నీరు ఇంచుమించు ఒక సెంటీమీటరు లేచును. మహాభయంకరమగు తుఫానులో 70 మిల్లీబారులు తగ్గినను నీరు లేచునది మోకాటిని కొంచెము మించును. తక్కిన నిలువెత్తులన్నియు గాలి చేసిన పని. లోతైన సముద్రమున గాలి త్రోసిన నీటికి క్రిందుగా మరలిపోవ త్రోవ ఉండును. తీరమున కొన్ని బారల లోతు మాత్రమే ఉన్నచోట ఆ త్రోవ మూసుకొనిపోవును. నీరు పైకి లేచుట తప్ప వేరు గతి లేదు. కృష్ణా, గోదావరులు వేల ఏండ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు మనకు పంటభూమి నిచ్చినది. ఆ ఒండ్రే సముద్రమును ఒడ్డున మెరక చేసినది. నేల పల్లము, సముద్రము మెరక. ఉప్పెనకు ఇంతకంటె అనుకూలమైన తావు ఉండదు.

గాలి దిక్కు మాట ఇచట వచ్చును. మన తీరమునకు తుఫాను ఆగ్నేయమునుండి వచ్చునప్పుడు, కేంద్రము పోవు త్రోవకు కుడివైపున గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. ఎడమవైపున నేలనుండి సముద్రముమీదికి వీచును. ఒకే తుఫాను ఒకచోట ఊరిని ముంచి, కొన్ని మైళ్ల ఆవల సముద్రమును వెనుకకు నెట్టును. ఉత్తరము, ఈశాన్యము, తూర్పు, ఆగ్నేయము అను వరుసలో గాలి తిరుగుచున్నచో మీరున్నది ఆ కుడివైపున. చెడ్డదని మేము ముందు చెప్పుట ఇందుకే.

1977 నవంబరు 19న ఈ పాఠము దివిసీమలో వ్రాయబడినది. తుఫాను చీరాల ప్రాంతమున తీరము దాటెను. దివిసీమ దాని కుడివైపున ఉన్నది. సుమారు 5 మీటర్ల ఎత్తున నీరు వచ్చి, పది కిలోమీటర్లకు పైగా లోపలికి పోయెను. మరణించినవారు పదివేలమంది అని లెక్క. ఇంకను ఎక్కువ అనువారు కలరు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఈ పేర్లు ఆ యేటినుండి రాష్ట్రమంతట తెలిసినవి. ఇప్పుడు మా విద్యార్థి గమనింపవలసిన సంగతి. ఆ నవంబరు 11న అమావాస్య. పందొమ్మిదవ తేదీనాటికి శుక్లపక్షపు అష్టమి ప్రాంతము, అనగా పోటు మిక్కిలి తక్కువగానుండు దినములు. పంచాంగమును చూచి ధైర్యము చెప్పుకొనదగిన దినమున అంత నీరు వచ్చినది. 1864లో చంద్రుడు ఉప్పెనకు తోడుపడియుండవచ్చును. 1977లో ఉప్పెన చంద్రుని సాయము కోరలేదు.

తుఫాను వచ్చుచున్నదన్న హెచ్చరిక అప్పుడు లేకపోలేదు. సముద్రముమీది తుఫానులను చూచుటకు విశాఖపట్టణమున 1970నుండి రాడారు కూడ ఉండెను. రేడియో ఉన్న ఇల్లు ఆ లంకలలో అరుదు, నిజమే. కాని రేడియో ఉన్నచోట సైతము ఆ మాట ఏమి చెప్పగలిగెను? తుఫాను అనగానే తీరపు మనిషికి స్ఫురించునది గాలి. గాలికి అతడు ఎరుగని ఉపాయము లేదు: పైకప్పుమీద త్రాళ్లు బిగించుట, పశువుల కట్లు విప్పుట, తలుపు వేసికొని ఇంటిలో కూర్చుండుట. గాలికి ఇల్లే శరణ్యము. నీటికి ఇల్లే బోను. ఒకే మాట విని మనిషి చేయవలసిన పని తలక్రిందులగుచున్నప్పుడు ఆ మాట చాలలేదనియే చెప్పవలెను. మాటలు వృత్తిగా గల మేము ఇతరులమీద ఈ నేరము మోపుట లేదు. మా వృత్తిలోని కొరతగా చెప్పుకొనుచున్నాము. ఉప్పెన అను తెలుగు మాట ఉండనే ఉన్నది, వినగానే నాలుకకు ఉప్పు తగులునట్టి మాట. దానిని ముందునకు తేవలసియుండెను.

1990 మే నెలలో బందరు ప్రాంతమునకు అంతటి బలముగల తుఫానే వచ్చెను. ఆరు లక్షలమందికి పైగా జనమును ముందుగనే ఇండ్లు విడిపించి ఎత్తైన చోట్లకు తరలించిరి. మరణములు వేయి లోపుననే ఆగినవి. వేయి చిన్న అంకె అని మేము అనము. తరలింపు వలన గాలి ఏమియు తగ్గలేదు, నీటికి అందు మనుష్యులు తగ్గిరి.

తరువాత 2004 డిసెంబరు 26 వచ్చినది. గాలి లేదు, వాన లేదు, ఆకాశము నిర్మలము, పౌర్ణమినాటి ఉదయము. సుమత్రా చేరువ సముద్రగర్భమున భూమి కంపింపగా లేచిన కెరటములు మన తీరమున నూరుమందికి పైగా పొట్టనబెట్టుకొన్నవి. దీనికి మనకు మాట లేదు. ఉప్పెన అనిరి, పోటు అనిరి. వారమునకు జపానువారి సునామీ ఇంటింటి మాట అయినది. సు అనగా వారి భాషలో రేవు, నామి అనగా అల. ఇచట పంచాంగమునకుగాని భారమితికిగాని పని లేదు. భూకంపలేఖినులును, సముద్రపు అడుగున నీటి బరువు కొలుచు సాధనములును కావలెను. 2007నుండి ఈ హెచ్చరిక హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రమునుండి వెలువడుచున్నది. సముద్రమునకు అంత దూరమున ఉన్న నగరము సముద్రమునకు కాపలా కాయుట వినుటకు వింతగా నుండును గాని, ఉప్పెనకు అందని చోట కాపలావాడు ఉండుట తెలివియే.

అదే 2004నుండి మన సముద్రపు తుఫానులకు పేర్లు పెట్టుచున్నారు. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును చెరిచిన హుద్‌హుద్ ఒక పక్షి పేరు. పేరు గుర్తుంచుకొనుటకు మంచిది. నీరు ఎంత వచ్చునో అది చెప్పదు. అది చెప్పుటకు ఇప్పటి ప్రకటనలలో వేరొక వాక్యము చేరినది: ఖగోళ పోటు మట్టమునకు పైన ఇన్ని మీటర్ల ఎత్తున ఉప్పెన రాగలదని. 'ఖగోళ పోటు' అనగా చంద్రసూర్యులు తెచ్చు మామూలు పోటు. ఆ పోటు మట్టము ఎంతయో తెలిసినవానికే ఈ అంకె పూర్తిగా అర్థమగును. ఒకమారు ఈ వాక్యమును చదివిన కొంతసేపటికి తీరగ్రామమునుండి ఒక పెద్దావిడ మా కేంద్రమునకు ఫోను చేసినది. "మీరు చెప్పినది పోటు మీదనా, పాటు మీదనా నాయనా? ఇయ్యాల మాకు పోటు రాత్రి కదా వచ్చేది?" అని ఆమె అడిగినది. మేము పట్టిక తీసి చూచితిమి. పోటు రాత్రి పదునొకండు గంటలకు. ఆ మాట తరువాతి ప్రకటనలో చేర్చి చదివితిమి.